కందపద్యంలో ఐదు గణాలే ఎందుకు? కంప్యూటర్ సైన్స్ కింద ఉన్న గణితం

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల్లో సీఎస్‌ఈ చదివే పిల్లలకు రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లో ఒక కొత్త రకం లెక్కల పేపరు ఎదురవుతుంది. కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో సీనియర్లు దాన్ని ఎంఎఫ్‌సీఎస్ (మ్యాథమెటికల్ ఫౌండేషన్స్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్) అనేవారు. ఇప్పటి సిలబస్‌లో పేరు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అండ్ గ్రాఫ్ థియరీ. తెలుగులో వివిక్త గణితం. ఇంటర్ లెక్కల్లో మార్కులు కుప్పలుగా తెచ్చుకున్నవారు కూడా ఈ పేపరు దగ్గర తడబడతారు. "కోడింగ్ నేర్చుకుందామని వస్తే మళ్లీ ఈ లెక్కలెందుకు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు దాటవేత లేని జవాబు ఇవ్వాలి.

తడబాటు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. వాటిలో 80 లెక్కలవే. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకు దొరుకుతుంది. ఆ వేగంలో సూత్రం గుర్తుకు రావాలి, అంకెలు వేయాలి, ముందుకు సాగాలి. రెండేళ్లు అలా సాధన చేసిన విద్యార్థికి "ఇది ప్రతి సందర్భంలోనూ నిజమేనని చూపండి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. వివిక్త గణితం మొదటి యూనిట్ నుంచి చివరి యూనిట్ దాకా అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. ప్రోగ్రామ్ రాసేవారు ఎదుర్కొనేదీ అదే. మనం రాసినదాన్ని ఎవరో, ఎక్కడో, మనం ఊహించని సమాచారంతో నడుపుతారు. అది అన్ని సందర్భాల్లోనూ సరిగ్గా పనిచేస్తుందని నడపకముందే చెప్పగలగాలి.

ఈ గణితం పూర్తిగా కొత్తదేమీ కాదు. ఏళ్ల తరబడి ఇంటర్ 1ఏలో ప్రమేయాలు, గణితానుగమనం ఉంటూ వచ్చాయి. 2ఏలో ప్రస్తారాలు, సంయోగాలు, ద్విపద సిద్ధాంతం ఉంటూ వచ్చాయి. ఇవన్నీ విడివిడిగా లెక్కపెట్టగలిగిన వస్తువుల గణితం. అవకలనం, సమాకలనం తెగకుండా సాగే రాశులకు సంబంధించినవి. కంప్యూటర్ లోపల తెగకుండా సాగేది ఏదీ లేదు. సున్నా, ఒకటి, వాటి వరుసలు, ఆ వరుసల మధ్య సంబంధాలు, అంతే.

మొదటి యూనిట్ తర్కం. పిల్లలు దీన్ని సత్యపట్టికలు నింపే పనిగా చూసి వదిలేస్తారు. "ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వం" అని నోటీసు బోర్డు మీద ఉందనుకుందాం. చదివినవారిలో చాలామంది "కడితే ఇస్తారు" అని అర్థం చేసుకుంటారు. నోటీసు ఆ మాట అనలేదు. ఫీజు కట్టినా హాజరు తక్కువైందని ఆపవచ్చు. అప్పుడు కూడా నోటీసు అబద్ధం కాదు. దాని నుంచి కచ్చితంగా రాబట్టగలిగింది వేరే ఉంది: ఎవరి చేతిలోనైనా హాల్ టికెట్ ఉంటే వారు ఫీజు కట్టినట్టే. పాత సిలబస్ పదో తరగతిలో ప్రవచనాలు, సమితులు చదివినవారికి ఈ పేర్లు గుర్తుండవచ్చు. "కడితే ఇస్తారు" అనేది మూల వాక్యానికి విలోమం, రెండోది ప్రతివర్తితం. ప్రతివర్తితం మూల వాక్యంతో సమానం, విలోమానికి ఆ హామీ లేదు.

ఇదే పొరపాటు కోడ్‌లోకి దిగితే ఏమవుతుందో చూడండి. హాజరు 75 శాతం ఉండి, ఫీజు కూడా కట్టినవారికే పరీక్షకు అనుమతి. ఇక అనుమతి లేనివారిని ఆపే షరతు రాయాలి. తొందరలో "హాజరు తక్కువ ఉండి, ఫీజు కట్టనివారిని ఆపు" అని రాస్తారు. హాజరు లేకపోయినా ఫీజు కట్టిన విద్యార్థి హాయిగా లోపలికి వెళ్లిపోతాడు. సరైన షరతు "హాజరు తక్కువైనా, ఫీజు కట్టకపోయినా". "మరియు" ఉన్న వాక్యాన్ని కాదంటే అది "లేదా" అవుతుందని చెప్పే ఈ నియమానికి డిమోర్గాన్ పేరు పెట్టారు. ఆ బ్రిటిష్ గణితజ్ఞుడు అగస్టస్ డిమోర్గాన్ 1806లో పుట్టింది మన పొరుగునే, మదురైలో. ఆయన సమకాలికుడు జార్జ్ బూల్ 1847, 1854లో తర్కాన్ని బీజగణితంగా మార్చాడు. 1937లో క్లాడ్ షానన్ తన ఎంఐటీ మాస్టర్స్ సిద్ధాంత వ్యాసంలో ఆ బీజగణితంతోనే స్విచ్చుల వలయాలు గీయవచ్చని చూపించాడు. నేటి ప్రతి ప్రాసెసర్ ఆ దారిలో వచ్చినదే.

తర్కం తర్వాత ఉపపత్తి, అంటే నిరూపణ. పది ఇన్‌పుట్‌లు ఇచ్చి పది జవాబులూ సరిగ్గా వస్తే ప్రోగ్రామ్ సరైనదే అనుకోవడం సహజం. ఆ ధీమాను ఒక చిన్న లెక్క పడగొడుతుంది. ఏదైనా సంఖ్య తీసుకుని, దాని వర్గానికి ఆ సంఖ్యను, 41ని కలపండి. సున్నా వేస్తే 41, ఒకటి వేస్తే 43, రెండు వేస్తే 47. అన్నీ ప్రధాన సంఖ్యలే. అలా 39 దాకా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. నలభై పరీక్షలు నెగ్గాయి. 40 వేయగానే 1681 వస్తుంది. అది 41 వర్గం. నలభై సార్లు నిజమైనది నలభై ఒకటోసారి తప్పింది. పరీక్షలు తప్పును బయటపెట్టగలవు, తప్పు లేదని మాత్రం హామీ ఇవ్వలేవు. ఆ హామీ కోసమే గణితానుగమనం. మొదటి మెట్టు దగ్గర నిజమని చూపి, ఒక మెట్టు దగ్గర నిజమైతే పై మెట్టు దగ్గరా నిజమేనని చూపితే అన్ని మెట్లకూ చూపినట్టే.

ఇంటర్‌లో దీన్ని ఒకటి నుంచి ఎన్ దాకా వర్గాల మొత్తం లాంటి లెక్కలకే వాడారు. కంప్యూటర్ సైన్స్‌లో అది లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) పక్కన వచ్చి నిలుస్తుంది. క్రమంలో ఉన్న జాబితాలో ఒక సంఖ్యను వెతకడానికి బైనరీ సెర్చ్ వాడతాం: నడిమి అంశాన్ని చూసి సగం జాబితాను పక్కన పెట్టడం, మిగిలిన సగంలో మళ్లీ అదే. పది లక్షల పేర్లున్నా ఇరవై పోలికల్లో తేలిపోతుంది, ఎందుకంటే రెండును ఇరవై సార్లు హెచ్చిస్తే 10,48,576. అది ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుందని ఎలా చెప్పడం? లూప్ తిరిగే ప్రతిసారీ ఒక మాట నిజంగా ఉంటుందని చూపాలి: వెతికే సంఖ్య జాబితాలో ఉంటే, అది ఎడమ హద్దుకు, కుడి హద్దుకు మధ్యనే ఉంది. మొదట నిజం. ఒక చుట్టు ముందు నిజమైతే చుట్టు తర్వాతా నిజం. ఇది గణితానుగమనమే.

ఈ కథలో ఇంకో మలుపు ఉంది, నాకు దాని మీద మక్కువ ఎక్కువ. జావా భాషతో పాటు వచ్చే ప్రామాణిక కోడ్‌లోని బైనరీ సెర్చ్‌లో ఒక తప్పు సుమారు తొమ్మిదేళ్లు దాగి ఉంది. 2006లో దాని గురించి బయటపెట్టింది ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే. నడిమి స్థానం కోసం ఎడమ హద్దును, కుడి హద్దును కూడి రెండుతో భాగించారు. కాగితం మీద అందులో తప్పు లేదు. కానీ 32 బిట్ల పూర్ణాంకం 2,14,74,83,647 దాటలేదు. జాబితాలో 107 కోట్లకు పైగా అంశాలుంటే ఆ కూడిక హద్దు దాటి రుణ సంఖ్యగా మారిపోతుంది. ఉపపత్తి అనంతమైన పూర్ణాంకాల గురించి; యంత్రం చేసేది హద్దు దాటగానే మొదటికి తిరిగి వచ్చే మాడ్యులర్ అంకగణితం. కుడి హద్దు నుంచి ఎడమ హద్దును తీసేసి, అందులో సగాన్ని ఎడమ హద్దుకు కలిపితే ఇబ్బంది తీరుతుంది. మాడ్యులర్ అంకగణితం సిలబస్‌లో ఎందుకుందో తెలియాలంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇప్పుడు లెక్కపెట్టే విద్యకు వద్దాం. తెలుగు వ్యాకరణం చదివిన ప్రతి విద్యార్థికీ కందపద్యంలో వాడే గణాలు కంఠతా వచ్చు: గగ, భ, జ, స, నల. ఇవి ఐదే ఎందుకు? లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు ఉండాలి. నాలుగు మాత్రలను లఘు గురువులతో ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? గురు గురు అంటే గగ. గురు లఘు లఘు అంటే భ. లఘు గురు లఘు అంటే జ. లఘు లఘు గురు అంటే స. నాలుగూ లఘువులే అయితే నల. ఆరోది లేదు. లక్షణకారులు నాలుగు మాత్రల గణాల్లో దేన్నీ విడిచిపెట్టలేదు.

అయితే అన్నీ రాసి చూడకుండా ఐదని ముందే చెప్పగలమా? చెప్పగలం. ఏ పేర్పు అయినా లఘువుతోనో గురువుతోనో ముగియాలి. లఘువుతో ముగిస్తే దానికి ముందు మూడు మాత్రలు మిగులుతాయి, గురువుతో ముగిస్తే రెండు. కాబట్టి నాలుగు మాత్రల పేర్పుల సంఖ్య అంటే మూడు మాత్రలవి, రెండు మాత్రలవి కలిపిన మొత్తం. ఒక మాత్రకు ఒక పేర్పు, రెండు మాత్రలకు రెండు, మూడింటికి మూడు, నాలుగింటికి ఐదు, ఐదింటికి ఎనిమిది, ఆరింటికి పదమూడు. ప్రపంచం ఫిబొనాచ్చి సంఖ్యలు అని పిలిచే వరుస ఇదే. ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి దీన్ని 1202లో రాశాడు. అంతకు ముందే ప్రాకృత ఛందస్సు గ్రంథం రాసిన విరహాంకుడు, సుమారు 1150 ప్రాంతంలో జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సులోని మాత్రలు లెక్కపెడుతూ ఇదే నియమాన్ని చెప్పారు.

ఈ నియమాన్ని ఉన్నదున్నట్టు ప్రోగ్రామ్‌గా రాస్తే అది రికర్షన్ అవుతుంది: తనను తానే పిలుచుకునే ఫంక్షన్. నలభై మాత్రలకు ఎన్ని పేర్పులని అడిగితే 16,55,80,141 అని జవాబు వస్తుంది, కానీ ఆ జవాబు కోసం ఫంక్షన్ తనను తాను 20 కోట్లకు పైగా సార్లు పిలుచుకుంటుంది. ఒకసారి కనుక్కున్న విలువను రాసి పెట్టుకుంటే నలభై లోపు కూడికలతో పని ముగుస్తుంది. ఇదే డైనమిక్ ప్రోగ్రామింగ్. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో పిల్లలను భయపెట్టే ఆ అంశానికి మూలం, చివరి అక్షరం ఏదో చూసి రెండుగా విడగొట్టిన ఆ ఒక్క ఆలోచనే. సూత్రం బట్టీ పట్టినవారికి ఫిబొనాచ్చి ప్రోగ్రామ్ మాత్రమే వస్తుంది. ఆ విడగొట్టడం అర్థమైనవారు కొత్త ప్రశ్నకు కొత్త నియమం తామే రాసుకోగలరు.

లెక్కపెట్టడం వల్ల అసాధ్యాలు కూడా తెలుస్తాయి. డెలివరీ కుర్రాడు బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఇరవై దుకాణాలకు వెళ్లాలి. ఏ వరుసలో వెళితే దూరం తగ్గుతుందో అన్ని వరుసలూ వేసి చూద్దామంటే అవి ఇరవై ఫాక్టోరియల్, అంటే ఒకటి నుంచి ఇరవై దాకా అన్నీ హెచ్చిస్తే వచ్చేన్ని. కంప్యూటర్ సెకనుకు వంద కోట్ల వరుసలు చూసినా సుమారు 77 ఏళ్లు పడుతుంది. ఇంకొక్క దుకాణం చేరిస్తే పదహారు వందల ఏళ్లు. మరింత ఖరీదైన యంత్రం కొన్నా ఇది తీరే ఇబ్బంది కాదు, వేరే పద్ధతి కనిపెట్టాల్సిందే. అలాగే, ప్రతి ఫైలునూ తప్పకుండా చిన్నది చేసి, మళ్లీ యథాతథంగా వెనక్కి తెచ్చే ప్రోగ్రామ్ రాస్తామని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. మూడు బిట్ల ఫైళ్లు ఎనిమిది. అంతకంటే చిన్నవి రెండు బిట్లవి నాలుగు, ఒక బిట్‌వి రెండు, ఖాళీది ఒకటి, కలిపి ఏడే. ఎనిమిదిని ఏడింటిలో సర్దితే రెండు ఒకే చోట పడాలి. అప్పుడు ఏది ఏదో తిరిగి చెప్పలేం. పావురాల గూళ్ల సూత్రం అని పుస్తకంలో రెండు వాక్యాల్లో ముగిసిపోయే దానికి ఇంత బలం ఉంది.

గ్రాఫుల దగ్గర మన రైలు పట్టాలే చాలు. విజయవాడ జంక్షన్ నుంచి దక్షిణానికి వెళ్లే రైలు కృష్ణా నది దాటాక కృష్ణా కెనాల్ జంక్షన్ వస్తుంది. అక్కడ దారి చీలుతుంది: ఒకటి మంగళగిరి మీదుగా గుంటూరుకు, మరొకటి దుగ్గిరాల మీదుగా తెనాలికి. గుంటూరుకు, తెనాలికి మధ్య ఇంకో లైను ఉంది. జంట లైన్లను ఒకటిగా లెక్కిస్తే నాలుగు చుక్కలు, నాలుగు గీతలు. చుక్కలు నోడ్లు, గీతలు ఎడ్జ్‌లు. పట్టాలు తనిఖీ చేసే బండి విజయవాడలో బయలుదేరి, ప్రతి లైను మీదా సరిగ్గా ఒక్కసారే వెళ్లగలదా? వెళ్లగలదు: విజయవాడ, కృష్ణా కెనాల్, గుంటూరు, తెనాలి, మళ్లీ కృష్ణా కెనాల్. ఇక తెనాలి నుంచి రేపల్లె లైనును కూడా చేర్చండి. ఎంత ప్రయత్నించినా కుదరదు.

ఎందుకు కుదరదో 1736లో గణితజ్ఞుడు లియొనార్డ్ ఆయిలర్ చెప్పాడు. ఆయన ముందున్నది క్యోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనలనూ ఒక్కొక్కసారే దాటగలమా అన్న ప్రశ్న. మధ్యలో తగిలే ఏ స్టేషన్‌కైనా బండి ఒక లైను మీద వస్తుంది, ఇంకో లైను మీద పోతుంది. లైన్లు జతలుగా ఖర్చవుతాయి. బేసి సంఖ్యలో లైన్లున్న స్టేషన్ ప్రయాణానికి మొదలో చివరో అయి ఉండాలి. అంటే బేసి స్టేషన్లు రెండుకు మించకూడదు. మొదటి పటంలో విజయవాడకు ఒకటి, కృష్ణా కెనాల్‌కు మూడు, బేసివి రెండే. రేపల్లె చేరాక తెనాలికి మూడు, రేపల్లెకు ఒకటి, బేసివి నాలుగయ్యాయి. దారులన్నీ వెతికే పని లేకుండా, లెక్కపెట్టి "లేదు" అని చెప్పగలిగాం. ఏలూరు, నిడదవోలు, భీమవరం, గుడివాడ మీదుగా తిరిగి విజయవాడకు వచ్చే పెద్ద చుట్టును చేర్చినా ఫలితం మారదు, ఎందుకంటే ఆ చుట్టు తాను తాకిన ప్రతి స్టేషన్‌కూ రెండేసి లైన్లే కలుపుతుంది.

నాలుగు స్టేషన్ల మొదటి పటంలో నది మీది లైనును తీసేస్తే విజయవాడ మిగతా మూడింటికీ దూరమవుతుంది. అలాంటి ఎడ్జ్ ఎక్కడుందో నెట్‌వర్క్ నడిపేవారు ముందుగా వెతుకుతారు. అయితే పటాన్ని ఇంకాస్త పెద్దదిగా గీసి కాజీపేట, పగిడిపల్లి, నడికుడి దారిని చేరిస్తే గుంటూరుకు చుట్టు దారి ఒకటి దొరుకుతుంది. ఉపపత్తి ఎంత గట్టిదైనా, అది మనం గీసుకున్న పటం గురించే మాట్లాడుతుంది. ఏది గీశాం, ఏది వదిలేశాం అన్నది ఇంజినీరు చూసుకోవాల్సిన విషయం.

ప్రతి గీత మీదా ఒక్కసారే నడిచే ఈ ఆయిలర్ దారి మన బడిలోనే ఇంకో చోట కూడా ఉంది. మూడక్షరాల గణాలు ఎనిమిదీ గుర్తుపెట్టుకోవడానికి పిల్లలు "యమాతారాజభానసలగం" అని వల్లిస్తారు. పది అక్షరాలు. వరుసగా ఏ మూడు తీసుకున్నా ఆ మొదటి అక్షరం పేరున్న గణమే వస్తుంది: య మా తా అంటే లఘు గురు గురు, య గణం, మా తా రా మూడూ గురువులు, మ గణం, చివర స ల గం, స గణం. ఎనిమిది గణాలూ ఒక్కొక్కటి ఒక్కసారే వస్తాయి. ఇప్పుడు లల, లగ, గల, గగ అని నాలుగు చుక్కలు పెట్టండి. ప్రతి గణాన్నీ దాని మొదటి రెండు అక్షరాల చుక్క నుంచి చివరి రెండు అక్షరాల చుక్కకు బాణంగా గీయండి. ప్రతి చుక్కలోకి రెండు బాణాలు వస్తాయి, రెండు బయటికి పోతాయి. యమాతారాజభానసలగం ఆ ఎనిమిది బాణాల మీదా ఒక్కొక్కసారి నడిచి, బయలుదేరిన లగ దగ్గరికే చేరిన దారి. 1946లో ఇలాంటి వరుసల గురించి రాసిన డచ్ గణితజ్ఞుడి పేరు మీద వీటిని డిబ్రాయిన్ వరుసలు అంటారు. ముక్కలు ముక్కలుగా చదివిన డీఎన్ఏను తిరిగి అతికే ప్రోగ్రామ్‌లు కూడా ఈ రకం గ్రాఫునే వాడతాయి. పట్టాల బండి, ఛందస్సు, డీఎన్ఏ వేర్వేరు సంగతులు. అడుగున ఉన్న నిర్మాణం ఒకటే. దాన్ని గుర్తుపట్టగలగడం కోసమే ఈ చదువు.

గ్రూపులు, బీజీయ నిర్మాణాల యూనిట్‌ను పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా ద్వేషిస్తారు. దాని ఉపయోగం వారి జేబులోనే ఉంది. ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె మిగతా పదకొండు అంకెల నుంచి లెక్కకట్టినది. అంకెలను కూడి చివరి అంకె తీసుకుంటే సరిపోదా? సరిపోదు. 47ను 74గా కొట్టినా మొత్తం 11 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే కూడికలో వరుస మారినా విలువ మారదు. వరుస మారితే ఫలితం మారే ప్రక్రియ కావాలి. 1969లో వెర్‌హూఫ్ అనే డచ్ గణితజ్ఞుడు పంచభుజిని తిప్పడం, బోర్లించడం అనే పది కదలికల గ్రూపును తీసుకున్నాడు. తిప్పి బోర్లించడం వేరు, బోర్లించి తిప్పడం వేరు. దానికి స్థానాన్ని బట్టి అంకెలను మార్చే ఒక ప్రస్తారాన్ని జోడించాడు. ఒక్క అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ పద్ధతి పట్టేస్తుంది. ఆధార్ వాడేది ఇదే. గ్రామ సచివాలయంలో సంఖ్య తప్పు కొట్టగానే చెల్లదని చెప్పగలగడం వెనుక, వినిమయ ధర్మం లేని ఒక గ్రూపు పనిచేస్తోంది.

తర్వాతి సెమిస్టర్ల గురించి కొద్ది మాటలు చాలు. డేటాబేస్‌లలోని పట్టికలను 1970లో ఎడ్గర్ కాడ్ సమితుల మధ్య సంబంధాలుగానే నిర్వచించాడు. 1977 నాటి ఆర్ఎస్ఏ గుప్తలేఖనం ప్రధాన సంఖ్యల మీద, మాడ్యులర్ అంకగణితం మీద నిలబడింది. కంపైలర్లు (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చేవి), ఆటోమాటా (ఊహా యంత్రాల నమూనాలు) పాఠాలు సమితులు, ప్రమేయాల భాషలోనే మొదలవుతాయి. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో సీఎస్ పేపరులో ఇంజినీరింగ్ గణితానికి దాదాపు 13 మార్కులు. అల్గారిథమ్స్, ఆటోమాటా ప్రశ్నల్లోనూ ఇదే గణితం మళ్లీ అడుగుతారు కాబట్టి అసలు వాటా అంతకంటే ఎక్కువ.

చదివే పద్ధతి మాత్రం ఈఏపీసెట్ పద్ధతి కాకూడదు. ఒక సిద్ధాంతం కనిపించగానే ఉపపత్తి చదవకుండా ముందు చిన్న సందర్భాలు చేత్తో వేయాలి: మూడు నోడ్ల గ్రాఫు, నాలుగు మాత్రల గణం, రెండు అంశాల సమితి. తర్వాత దాన్ని తప్పని నిరూపించడానికి నిజాయితీగా ప్రయత్నించాలి. ప్రత్యుదాహరణ దొరక్కపోతే ఎందుకు దొరకడం లేదో వెతకాలి. చాలాసార్లు ఉపపత్తి అక్కడే ఉంటుంది. ఒక్క ఉపపత్తి మీద గంట గడిపితే వేళ వృథా అయినట్టు ఎవరూ అనుకోవద్దు.

ప్రశ్నపత్రం తయారుచేసే అధ్యాపకులకూ ఒక విన్నపం. "ఆయిలర్ సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపించండి" అని అడిగితే గైడు పుస్తకంలోని పేజీ జవాబుపత్రంలోకి వస్తుంది. రైలు పటం ఇచ్చి రేపల్లె లైనును చేర్చి, బండికి దారి ఉందా అని అడగండి. దారి గీసే ప్రయత్నం మానేసి, నాలుగు స్టేషన్ల దగ్గర బేసి సంఖ్య ఉంది కాబట్టి దారి లేదని రెండు వాక్యాల్లో రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇవ్వండి.